మేలును గుర్తుపట్టడం: యూదుల రోజువారీ జీవితంలో కృతజ్ఞత

కృతజ్ఞత అనే మాటను విడదీస్తే 'చేసినదాన్ని ఎరిగి ఉండటం' అని అర్థం వస్తుంది. సంతోషం, పులకింత లాంటి వాటి ప్రస్తావన అందులో లేదు, ఎరుక ఒక్కటే ఉంది. హీబ్రూలో ఇదే గుణానికి వాడే మాట 'హకారత్ హతోవ్', అంటే మంచిని గుర్తుపట్టడం. గుంపులో తెలిసిన మనిషి ఎదురైతే పోల్చుకుంటామే, అక్కడ వాడే క్రియే ఇక్కడా వాడతారు. ఒకదానితో ఒకటి సంబంధం లేని రెండు భాషలు ఈ విషయాన్ని ఒకే వైపు నుంచి చూశాయి. మేలు ముందే జరిగిపోయి ఉంటుంది, మన కంటికి ఆనకపోవడమే ఇబ్బంది.

యూదు మతజీవితంలో ఎక్కువ భాగం ఈ చూపును అలవాటు చేయడానికే ఏర్పడిందా అనిపిస్తుంది. ఆ జాతి పేరులోనే కృతజ్ఞత ఉంది. 'యూదు' అనే మాట యూదా నుంచి వచ్చింది. యూదుల మూలపురుషుడు యాకోబు భార్య లేయాకు నాలుగో కొడుకు యూదా. ఆమె భర్త ప్రేమకు నోచుకోని మనిషి. మొదటి ముగ్గురు కొడుకుల పేర్లలోనూ ఆ బాధ కనిపిస్తుంది: దేవుడు నా కష్టం చూశాడు, నేను ప్రేమకు నోచుకోలేదని విన్నాడు, ఇకనైనా భర్త నాకు దగ్గరవుతాడు అని. నాలుగోవాడు పుట్టినప్పుడు మాత్రం "ఈసారి దేవుడికి కృతజ్ఞత చెబుతాను" అని ఆ మాటనే పేరుగా పెట్టింది. భర్త మనసు అప్పటికీ మారలేదు. 11వ శతాబ్దపు ఫ్రాన్స్ వ్యాఖ్యాత రషి పాత కథనాన్ని తీసుకుని దీన్ని ఇలా వివరించాడు: యాకోబుకు పన్నెండుమంది కొడుకులు పుడతారని, నలుగురు భార్యలకు తలా ముగ్గురు వస్తారని వాళ్ళకు ముందే తెలుసు. నాలుగో బిడ్డ తన వాటాకు మించి వచ్చినవాడు. అందుకే ఆమె నోట ఆ మాట వచ్చింది. అంటే మొదటి ముగ్గురినీ తన వాటాగానే లెక్కవేసుకుందన్నమాట. వాటా అనుకున్నప్పుడు కృతజ్ఞత పుట్టదు. ప్రాచీన యూదు పండితుల చర్చలను కూర్చిన గ్రంథం తల్మూద్‌లో రబ్బీ (మతగురువు) యోహానాన్ ఇంకా పెద్ద మాట చెబుతాడు: లోకం పుట్టిన నాటి నుంచి లేయా వరకూ దేవుడికి కృతజ్ఞత చెప్పిన మనిషే లేడట.

ఆ పేరు వెనుక ఉన్న క్రియకు రెండు అర్థాలు ఉన్నాయి. ఒకటి కృతజ్ఞత చెప్పడం, రెండోది ఒప్పుకోవడం. తల్మూద్‌లో వాది, ప్రతివాది తగవు పడుతున్నప్పుడు "అవును, ఇతనికి నేను బాకీ ఉన్నాను" అని ప్రతివాది ఒప్పుకుంటే అతన్ని 'మోదె' అంటారు. పొద్దున లేవగానే యూదులు దేవుడితో చెప్పే మొదటి మాటా 'మోదె'యే. అక్కరకు ఒకరి సాయం తీసుకున్నానని, నా బలం ఒక్కటే చాలలేదని బయటికి చెప్పడమే ఈ ఒప్పుకోలు. కృతజ్ఞత ఎందుకు కష్టమో ఇక్కడ తెలుస్తుంది. మర్యాదగా థాంక్స్ చెప్పడం ఎవరికైనా తేలికే. బాకీ ఉన్నానని ఒప్పుకోవడం దగ్గరే గొంతులో అడ్డం పడుతుంది.

మేలు మరిచినవాడికి హీబ్రూలో ఉన్న మాటకు మేలును బోర్లించినవాడని అర్థం చెప్పుకోవచ్చు. ఆ తప్పు చేసిన మొదటివాడిగా తల్మూద్ ఆదామునే చూపిస్తుంది. వద్దన్న పండు ఎందుకు తిన్నావని దేవుడు అడిగితే "నువ్వు నాకిచ్చిన ఆడది ఇచ్చింది, తిన్నాను" అన్నాడు. పండు తినడం ఒక తప్పు. ఒంటరిగా ఉండకూడదని ఇచ్చిన తోడునే నేరంగా తిప్పి, ఇచ్చినవాడి మీదకే తోసెయ్యడం ఇంకో తప్పు. ఈ రెండోదాన్ని వ్యాఖ్యాతలు వదిలిపెట్టలేదు.

రెండో శతాబ్దపు పండితుడు బెన్ జోమా మాటలు వింటే మేలును చూడటం ఎంత శ్రద్ధతో చేసే పనో తెలుస్తుంది. ఆదాము ఒక్క రొట్టె తినడానికి ఎంత పాటుపడి ఉంటాడో ఆయన లెక్కవేస్తాడు. దున్నాలి, విత్తాలి, కొయ్యాలి, కుప్ప వెయ్యాలి, నూర్చాలి, తూర్పారబట్టాలి, ఏరాలి, తిరగలి పట్టాలి, జల్లించాలి, పిండి పిసకాలి, కాల్చాలి. "నేను పొద్దున లేచేసరికి ఇవన్నీ నా ముందు సిద్ధంగా ఉన్నాయి" అంటాడు. బట్ట గురించీ ఇలాగే చెబుతాడు. యెరూషలేము గుడి కొండ మెట్ల మీద జనసమూహాన్ని చూసినప్పుడు, తనకు ఊడిగం చేయడానికే వీళ్ళందరినీ సృష్టించిన దేవుడికి స్తుతి అన్నాడట. పైకి గర్వంగా వినిపించే ఆ మాట వెనుక ఈ లెక్క ఉంది. అంతమంది చెయ్యి పడకపోతే తన పళ్ళెంలోకి రొట్టె రాదని ఆయనకు తెలుసు.

అతిథి పోలిక కూడా ఆయనదే. మంచి అతిథి "ఇంటాయన ఎంత శ్రమపడ్డాడు! ఎన్ని వంటకాలు పెట్టాడు! ఇదంతా నా కోసమే కదా" అనుకుంటాడు. చెడ్డ అతిథి "ఏం శ్రమ? నేను తిన్నది ఒక రొట్టె, ఒక ముక్క. అదీ పెళ్ళాం పిల్లల కోసం ఎలాగూ వండుకున్నదే" అంటాడు. నిజానికి చెడ్డ అతిథి చెప్పినదాంట్లో అబద్ధం ఏమీ ఉండకపోవచ్చు. ఇంట్లోవాళ్ళ కోసమూ వండి ఉంటారు. జరిగింది ఒకటే అయినా, పెట్టినవాడి మనసు చూస్తే ఒక లెక్క వస్తుంది, పెట్టినదాన్ని తూకం వేస్తే ఇంకో లెక్క వస్తుంది. తిన్న ఇంటి వాసాలు లెక్కపెట్టడం అని మనం అనేది ఈ రెండో రకాన్నే.

కృతజ్ఞతను మనుషుల దగ్గరే ఆపలేదు ఈ సంప్రదాయం. ఐగుప్తు (ఈజిప్టు) మీదకు తెగుళ్ళు వచ్చిన కథలో నీళ్ళను రక్తంగా మార్చింది, నది నుంచి కప్పలను రప్పించింది, నేల దుమ్మును పేలుగా చేసింది మోషే అన్న అహరోను కర్ర. అక్కడ బానిసలైన తన జనాన్ని విడిపించడానికి మోషే ముందుండి నడిపిస్తుంటే ఈ మూడింటికీ అన్న చెయ్యి ఎందుకు కావలసి వచ్చింది? రషి ఎత్తిచూపిన జవాబు ఇది: పసిబిడ్డగా బుట్టలో వదిలినప్పుడు మోషేను కాపాడింది ఆ నది. పెద్దయ్యాక ఒక ఐగుప్తీయుణ్ణి చంపినప్పుడు ఆ శవాన్ని దాచింది ఆ నేల. అందుకని వాటిని కొట్టే పని అతనికి తగదు. నదికి నొప్పి తెలియదు, కొట్టినా కొట్టకపోయినా దానికి ఒకటే. తేడా మోషేలో వస్తుంది. నీటి దగ్గర మేలు మరవడం అలవాటైతే మనిషి దగ్గర గుర్తుండదు.

తల్మూద్ కాలంలో జనం నోట ఒక సామెత ఉండేది: నువ్వు నీళ్ళు తాగిన బావిలో మట్టిగడ్డ వెయ్యకు. దీనికి లేఖనంలో ఆధారం ఎక్కడుందని ఒక పండితుడు అడిగితే, ఇంకొకరు ద్వితీయోపదేశకాండంలోని మాట చూపించారు: ఐగుప్తీయుణ్ణి అసహ్యించుకోకు, అతని దేశంలో నువ్వు పరదేశిగా ఉన్నావు. ఇది చదివి ఎవరైనా ఒక క్షణం ఆగాల్సిందే. ఐగుప్తు యూదులను బానిసలుగా చేసింది, మగపిల్లలను నదిలో వేయించింది. ఆ బానిసత్వాన్ని ప్రతి పస్కా పండగకూ చేదు ఆకులు నమిలి మరీ గుర్తుచేసుకుంటారు. అయినా కరువులో యాకోబు కుటుంబానికి చోటిచ్చింది ఆ దేశమే అన్న నిజాన్ని కొట్టెయ్యలేదు. నేరం నేరంగానే ఉంచారు, మేలునూ మేలుగానే ఉంచారు.

రోజువారీ జీవితంలో ఇది ఎలా నడుస్తుందో చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది. కళ్ళు తెరవగానే, ఇంకా మంచం మీద ఉండగానే పన్నెండు హీబ్రూ పదాల చిన్న ప్రార్థన ఒకటి ఉంది. నా ప్రాణాన్ని నాకు తిరిగి ఇచ్చావు, నీ నమ్మకం గొప్పది అని అందులోని భావం. 16వ శతాబ్దంలో సఫేద్ పట్టణపు పండితుడు మోషే బెన్ మాఖీర్ దీన్ని రాతలో పెట్టాడు. చేతులు కడగక ముందే చెప్పేది కాబట్టి ఇందులో దేవుడి పేరు పలకరు. మొదటి రెండు పదాలు 'మోదె అని'. 'కృతజ్ఞుణ్ణి' ముందు వస్తుంది, 'నేను' తర్వాత వస్తుంది. స్త్రీలైతే 'మోదా అని' అంటారు.

ఆ తర్వాత మరుగుదొడ్డికి వెళ్ళొచ్చి చెప్పే స్తుతి ఉంది. కొత్తగా విన్నవాళ్ళు నిజమా అని అడుగుతారు, నిజమే. నాలుగో శతాబ్దపు బాబిలోనియా పండితుడు అబాయే పేరు మీద తల్మూద్‌లో ఇది కనిపిస్తుంది. మనిషిని తెలివితో చేశావు, అతనిలో రంధ్రాలూ బోలు గొట్టాలూ పెట్టావు, వాటిలో ఒక్కటి తెరుచుకోకూడనప్పుడు తెరుచుకున్నా, మూసుకోకూడనప్పుడు మూసుకున్నా నీ ముందు నిలబడలేం అని దాని సారాంశం. మూత్రం ఆగిపోయి ఎమర్జెన్సీలో రాత్రంతా గడిపినవాళ్ళకు ఈ మాట విలువ వేరే చెప్పక్కర్లేదు. శరీరం సజావుగా నడిచినంతకాలం కనబడదు, ఆగినప్పుడే ఉనికి చాటుతుంది. ఆగకముందే, రోజుకు నాలుగైదుసార్లు, దాన్ని చూడమంటుంది ఈ స్తుతి.

తిండి దగ్గర నియమాలు ఇంకా వివరంగా ఉంటాయి. చెట్టు పండుకు ఒక స్తుతి, నేల నుంచి వచ్చే కూరగాయలకు వేరొకటి, రొట్టెకు, ద్రాక్షరసానికి, మంచినీళ్ళకు వేర్వేరుగా ఉన్నాయి. అరటిపండుకు ఏది చెప్పాలన్న చర్చ ఇందుకు చక్కని ఉదాహరణ. మనం అలవాటుగా అరటి చెట్టు అంటాం కానీ దానికి కట్టె ఉండదు, ఒక్క గెల వేశాక ఆ కాండం చచ్చిపోయి పిలక లేస్తుంది. అందుకని అరటిపండుకు నేల పంటల స్తుతే చెబుతారు. నోట్లో పెట్టుకునే ముందు అది ఎలా పెరిగిందో ఒకసారి తలచుకోకుండా సరైన మాట దొరకదు. చూపును ఆపడానికి ఇంతకంటే మంచి ఉపాయం ఉంటుందా?

దీని వెనుక ఉన్న ఆలోచనను తల్మూద్ ఒక చిక్కుముడిగా పెడుతుంది. భూమి అంతా దేవుడిది అంటుంది ఒక కీర్తన. భూమిని మనుషులకు ఇచ్చాడు అంటుంది ఇంకొకటి. రబ్బీ లేవీ జవాబు: మొదటిది స్తుతి చెప్పక ముందు, రెండోది చెప్పాక. చెప్పకుండా తింటే గుడి సొమ్ము తిన్నట్టు లెక్క. ఒప్పుకున్న క్షణాన సొమ్ము చేతికొస్తుంది.

రోజుకు నూరు స్తుతులు చెప్పాలని రబ్బీ మేయిర్ అన్నాడు. మామూలు రోజుల్లో మూడు పూటల ప్రధాన ప్రార్థనలోనే పూటకు పందొమ్మిది చొప్పున యాభై ఏడు వచ్చేస్తాయి. వారపు విశ్రాంతి దినమైన సబ్బాతు రోజు ఆ ప్రార్థనలో ఏడే స్తుతులు ఉంటాయి, లెక్క తగ్గుతుంది. ఆ లోటును సువాసన ద్రవ్యాలు వాసన చూసి, రుచికరమైనవి తిని, వాటి స్తుతులతో పూరించుకున్న పండితుడి గురించి తల్మూద్ ముచ్చటగా చెబుతుంది. నూరు పూర్తిచేయడానికి మంచిని వెతుక్కుంటూ వెళ్ళాల్సి వచ్చిందన్నమాట.

ఇన్నిసార్లు చెబితే అది నోటి అలవాటుగా మిగిలిపోదా అన్న ప్రశ్న న్యాయమైనదే. పెదవులతో గౌరవిస్తున్నారు, మనసు దూరంగా ఉంది అని యెషయా ప్రవక్త ఏనాడో తిట్టాడు. యూదు పండితులు ఈ ప్రమాదాన్ని దాచలేదు. వాళ్ళ జవాబు ప్రార్థన ఏర్పాటులోనే కనిపిస్తుంది. సమాజ మందిరంలో ప్రధాన ప్రార్థనను ముందు ఎవరికి వాళ్ళు మెల్లగా చెప్పుకుంటారు, తర్వాత నాయకుడు అందరి తరఫున పైకి చెబుతాడు. అడిగే ప్రతి కోరికకూ జనం 'ఆమెన్' అంటే సరిపోతుంది. కృతజ్ఞత చెప్పే 'మోదిమ్' భాగం వచ్చేసరికి మాత్రం అందరూ వంగి, తమ నోటితో వేరే పాఠం చెప్పుకోవాలి. యజమానికి కృతజ్ఞతను దూత చేత పంపించకూడదని 14వ శతాబ్దంలో సెవిల్లె నగరపు పండితుడు దావీద్ అబూదర్హం దీనికి కారణం చెప్పాడు. మన అవసరాలు మన తరఫున ఇంకొకరు అడగొచ్చు. ఒప్పుకోలు ఇంకొకరు చేయలేరు. ఆ వేరే పాఠం పలువురు పండితులు చెప్పిన వాక్యాలను కలిపి కూర్చింది. అందులో రావ్ అనే పండితుడి వాక్యం చిన్నది, లోతైనది: నీకు కృతజ్ఞత చెప్పగలుగుతున్నందుకు కృతజ్ఞతలు.

పెద్ద ఆపద దాటినప్పుడు ఒంటరిగా చెప్పుకోవడం కూడా చాలదు. యెరూషలేములో గుడి ఉన్న కాలంలో కృతజ్ఞతా బలితో పాటు నాలుగు రకాల రొట్టెలు, రకానికి పది చొప్పున నలభై తేవాలి. వాటిలో నాలుగు యాజకుడివి, మిగతావి తెచ్చినవాడివి. మామూలు శాంతిబలి మాంసం తినడానికి రెండు రోజుల గడువు ఉంటే, దీనికి ఆ పగలూ ఆ రాత్రీ మాత్రమే. ముప్పై ఆరు రొట్టెలూ మాంసమూ ఒక్కడు తినలేడు. చుట్టాలనూ స్నేహితులనూ పిలవక తప్పదు, పిలిచాక ఏం జరిగిందో చెప్పక తప్పదు. ఆ తక్కువ గడువులోని అంతరార్థం ఇదేనని 19వ శతాబ్దంలో వోలోజిన్ విద్యాలయ పెద్ద నఫ్తాలీ బెర్లిన్ వివరించాడు. ఇప్పుడు ఆ బలి లేదు. సముద్రం దాటినవాళ్ళు, ఎడారి దాటినవాళ్ళు, జబ్బు నుంచి లేచినవాళ్ళు, చెర నుంచి విడుదలైనవాళ్ళు పదిమంది ముందు నిలబడి 'హగోమెల్' అనే స్తుతి చెబుతారు. బాకీపడ్డవాళ్ళకు కూడా మేలు చేసేవాడా అని అందులో ఉంటుంది. విన్న పదిమందీ, నీకు మేలు చేసినవాడు ఇకముందూ చేయాలి అని బదులిస్తారు.

ఇలా నలుగురినీ పిలిచి కృతజ్ఞత చెప్పుకునే పద్ధతి మన దేశంలోని యూదుల దగ్గర ఒక అందమైన రూపం తీసుకుంది. కొంకణ తీరపు బెనె ఇజ్రాయెల్ యూదులు పెళ్ళికి ముందు, కొత్త ఇల్లు కొన్నప్పుడు, మొక్కు తీరినప్పుడు ఏలీయా ప్రవక్త పేరున 'మలీదా' చేస్తారు. అటుకులు తడిపి, కొబ్బరి కోరు, పంచదార, యాలకులు, జీడిపప్పు కలిపి పళ్ళెంలో గుట్టగా పోసి, చుట్టూ పండ్లు పెడతారు. ఏలీయా పాట పాడి, ఒక్కొక్క పండుకూ తగిన స్తుతి చెప్పి అందరికీ పంచుతారు. తెలంగాణ పాఠకులకు ఆ పేరు వినగానే సద్దుల బతుకమ్మ నాటి మలీద ముద్దలు గుర్తుకొస్తాయి. అవి రొట్టె, బెల్లం, నెయ్యి కలిపి చేసేవి, వంట వేరు, పేరు మాత్రం ఒక్కటే.

ఇప్పటిదాకా చెప్పినవన్నీ మేలు జరిగినప్పటి సంగతులు. కీడు జరిగినప్పుడు ఏమిటి? ఏది జరిగినా మంచికే అనుకోమని చెప్పే మతబోధలు చాలా ఉన్నాయి. యూదుల్లోనూ 'ఇదీ మంచికే' అనే మాటనే ఇంటిపేరుగా మోసిన నాహూమ్ అనే భక్తుడి కథలు ప్రసిద్ధం. కానీ అందరికీ వర్తించే నియమం అలా లేదు, ఆ తేడా ముఖ్యం. మేలుకు స్తుతి చెప్పినట్టే కీడుకూ చెప్పాలని తల్మూద్‌కు ఆధారమైన ధర్మగ్రంథం మిష్నా అంటుంది, కానీ మాటలు వేరు. మంచి కబురు వింటే "మంచివాడు, మంచి చేసేవాడు" అంటారు. చావు కబురు వింటే "నిజమైన న్యాయాధిపతి" అని, పోయింది దగ్గరి బంధువైతే బట్ట చింపుకుంటారు. రాబోయే లోకంలో రెండింటికీ మొదటి స్తుతే చెబుతారని తల్మూద్ అంటుంది. అంటే ఈ లోకంలో దుఃఖాన్ని మంచి అని పిలవమని ఎవరినీ బలవంతపెట్టలేదు. చనిపోయిన మనిషి కళ్ళ ముందు ఉండగా ఓదార్చవద్దని కూడా పెద్దల మాట ఉంది. బిడ్డను పోగొట్టుకున్న తల్లి దగ్గరకెళ్ళి ఇందులోనూ మంచి చూడమ్మా అనడం కృతజ్ఞత నేర్పడం అవదు, అది క్రూరత్వం.

మరి చీకట్లో మంచిని చూడటం అసలు లేదా? భోజనం తర్వాత చెప్పే ప్రార్థనలో ఉంది. అందులో మొదటి మూడు భాగాలు అన్నం కోసం, నేల కోసం, యెరూషలేము కోసం. నాలుగోదాన్ని రబ్బీలు తర్వాత చేర్చారు. క్రీ.శ. 135లో రోమన్లు బేతార్ కోటను పట్టుకుని యూదుల తిరుగుబాటును అణిచేశారు. చచ్చినవాళ్ళను చాలాకాలం పూడ్చనివ్వలేదని యూదుల కథనం. చివరికి అనుమతి వచ్చిన రోజున ఈ నాలుగో స్తుతి పెట్టారు: శవాలు కుళ్ళిపోనందుకు "మంచివాడు", పూడ్చనిచ్చినందుకు "మంచి చేసేవాడు". ఓటమిని విజయం అనలేదు. చావులు మంచికే అనలేదు. అంత విధ్వంసంలో నిజంగా మంచి అనదగ్గది ఎంత ఉందో వెతికి, దొరికిన ఆ రవ్వంతకు మాత్రమే స్తుతి చెప్పారు. దాన్ని ఇప్పటికీ రొట్టె తిన్న ప్రతిసారీ, పెళ్ళి విందులో కూడా చెబుతారు.

మనుషుల్లో మంచిని చూడటానికీ ఇదే ఖచ్చితత్వం కావాలి. ప్రతి మనిషినీ తక్కెడలో మంచివైపు తట్టలో ఉంచి తీర్పు చెప్పు అన్నాడు యెహోషువ బెన్ పెరఖ్య అనే ప్రాచీన గురువు. చెడ్డవాడని రుజువైనవాడికి ఇది వర్తించదని 12వ శతాబ్దపు పండితుడు మైమోనిడెస్ హద్దు గీశాడు. ఉక్రెయిన్ ప్రాంతంలో హసీదీ అనే యూదు భక్తి ఉద్యమపు గురువు బ్రెస్లవ్ నఖ్మాన్ మాత్రం ఆ హద్దు దాటి ఇంకా ముందుకు వెళ్ళాడు. పూర్తిగా చెడ్డవాడిలో కూడా ఒక్క చిన్న మంచి చుక్కను వెతుకు, అది దొరికితే అతను ఆ చెడు నుంచి కాస్త కదులుతాడు అన్నాడు. అదే వెతుకులాట ఎవరికి వాళ్ళు తమలోనూ చెయ్యాలట. నాలో మంచే లేదు, ఉన్నదీ స్వార్థంతో చేసిందే అనిపించినప్పుడు, ఆ స్వార్థం మధ్యలోనే ఒక నిఖార్సైన చుక్క ఉండి తీరుతుందని, దాన్ని పట్టుకుని ఇంకొకటి వెతకమని చెప్పాడు. నిరాశ ఎంత లోతుగా ఉంటుందో ఆయనకు తెలుసు. క్షయతో బాధపడి 1810లో ముప్పై ఎనిమిదేళ్ళకే పోయాడు.

ఈ వెతుకులాటను ఒక దేశం చట్టంగా రాసుకున్న సందర్భం కూడా ఉంది. నాజీల మారణకాండలో ప్రాణాలకు తెగించి యూదులను కాపాడిన ఇతరులను గుర్తించాలని 1953లో ఇజ్రాయెల్ చేసిన యాద్ వషేమ్ (ఆ మారణకాండ స్మారక సంస్థ) చట్టంలో ఉంది. 1963 నుంచి ఒక కమిషన్ ఒక్కొక్కరి విషయం సాక్ష్యాలతో పరిశీలిస్తోంది. ఇప్పటికి 28,000 మందికి పైగా గుర్తింపు పొందారు. ఆరవై లక్షల మందిని కోల్పోయిన జాతి, నేరస్తుల పేర్లతో పాటు మేలు చేసినవాళ్ళ పేర్లనూ అంతే పట్టుదలగా వెతికింది. సాక్ష్యం అడగడంలోనూ అర్థం ఉంది, గుర్తుపట్టడం అంటే ఊరికే పొగడటం కాదు కదా.

ఆస్కర్ షిండ్లర్ విషయంలో ఇది తేలిగ్గా సాగలేదు. అతను నాజీ పార్టీ సభ్యుడు, యుద్ధంలో డబ్బు చేసుకోవడానికి పోలండ్ వచ్చిన వ్యాపారి, వెయ్యిమందికి పైగా యూదులను బతికించిన మనిషి కూడా. 1962లో యెరూషలేములో అతని చేత చెట్టు నాటించారు. అధికారిక గుర్తింపు మాత్రం భార్య ఎమిలీతో కలిపి 1993లో వచ్చింది. ఆ కమిషన్‌కు 1970 నుంచి పాతికేళ్ళు అధ్యక్షుడిగా ఉన్న న్యాయమూర్తి మోషే బేస్కి, షిండ్లర్ జాబితాలో పేరుండి బతికినవాడే. 1974లో చనిపోయిన షిండ్లర్‌ను యెరూషలేములో సీయోను కొండ మీది కేథలిక్ శ్మశానంలో పూడ్చారు. సమాధి మీద గులకరాయి పెట్టడం యూదుల ఆనవాయితీ. శిలువ చెక్కిన ఆ రాతిపలక మీద ఎప్పుడు చూసినా గులకరాళ్ళు పేరుకుని ఉంటాయి.